దేవదాసు మనవాడే, మరి పార్వతి?

శరత్‌చంద్ర 'దేవదాసు' 1917లో అచ్చయిన బెంగాలీ నవల. అయినా ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో పెరిగిన పెద్దవాళ్లను అడిగి చూడండి, దేవదాసు మనవాడే అంటారు. 1953లో వచ్చిన వినోదా వారి సినిమా మహిమ అది. కొల్లేటికి అవతల, గుడివాడ పక్క రామాపురంలో పుట్టిన అక్కినేని అందులో దేవదాసు. ఇవాళ ఏలూరు జిల్లాలో ఉన్న నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావు అతని తండ్రి. పాటలకు ఘంటసాల గొంతు. తాగిన సన్నివేశాలను దర్శకుడు వేదాంతం రాఘవయ్య రాత్రిపూటే తీశారట, నిద్రలేక కళ్లు వాటంతటవే వాలిపోవాలని.

ఆ వాలిన కళ్లే మనకు మిగిలాయి. శాలువా, సీసా, పక్కన కుక్క. కుర్రాడు నాలుగు రోజులు గడ్డం గీసుకోకపోతే చాలు, "ఏరా దేవదాసూ" అని మేనత్తలు మొదలుపెడతారు. 1974లో కృష్ణ మళ్లీ దేవదాసయ్యారు. 1978లో దాసరి, అక్కినేనితోనే 'దేవదాసు మళ్లీ పుట్టాడు' తీశారు. 2017 నాటి 'అర్జున్ రెడ్డి'లోనూ ఆ పోలికలే. శరత్ కథలతో 'తోడికోడళ్లు', 'బాటసారి' కూడా వచ్చాయి. ఇంత ముద్ర మాత్రం వేయలేదు.

ఈ వరసలో నాకు దొరకనిది పార్వతి. సావిత్రి ప్రాణం పోసిన పిల్ల, తర్వాతి కథల్లో ఏడ్చే అమ్మాయిగా చిక్కిపోయింది. నవలలో అలా లేదు. అర్ధరాత్రి ఒంటరిగా దేవదాసు గదికి వెళ్లి తన మనసు చెప్పింది ఆమే. అమ్మానాన్నలకు జడిసి వెనక్కి తగ్గింది అతను. ఆనక చెరువుగట్టున గాలం వేసుకుని కూర్చున్నవాడి దగ్గరికి బిందెతో వచ్చి, నీకు నేనేమీ తీసిపోనని మొహం మీదే అంటుంది. అతను గాలం కర్రతో నుదుట కొడతాడు. నెత్తురు కారుతుంది. గాలం కర్ర లేని ఇల్లు కొల్లేటి లంకల్లో అరుదు, ఆ దెబ్బ ఎలాంటిదో మనవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. ధైర్యం ఎవరిది, పిరికితనం ఎవరిది అన్నది శరత్ దాచలేదు. మనమే గడ్డాన్ని చూస్తూ మచ్చను మరిచాం.

ఈసారి మన వేడుకల్లో పిల్లలు దేవదాసు వేస్తామంటే, సీసా పక్కన పెట్టించి ఆ అర్ధరాత్రి ఘట్టం వేయించండి. మాటలు రాసుకోవడానికి నవలలో కావలసినంత సరుకుంది.