వృద్ధుల పాట్లను ముందుగా తెలుపు ఆట పరికరములు

వృద్ధులు కాలుజారి పడుట ముసలితనమున తప్పని విషయమని పలువురు భావింతురు. కాని దాని ఫలితము స్వల్పము కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన అంచనా ప్రకారము, పడిపోవుటవలన ఏటా 6,84,000 మంది మరణించుచున్నారు. వారిలో 60 ఏండ్లు దాటినవారే హెచ్చు. తుంటి ఎముక విరిగిన వృద్ధుడు మంచము పట్టినచో, ఇంటిలో వేరొకరు కూలిపని మాని అతనిని కనిపెట్టుకొని యుండవలసి వచ్చును.

పడుటకు పూర్వమే శరీరము కొన్ని సూచనల నిచ్చును. నిలిచినపుడు ఒడలు తూలును, నడక మందగించును, అడుగు కురుచ యగును. ఈ సూక్ష్మమైన మార్పులను కొలుచు యంత్రములు మిక్కిలి ఖరీదైనవై, ప్రయోగశాలలకే పరిమితమై యుండెడివి. వినోదమునకై తయారైన వీడియో ఆటల పరికరములు ఈ కొరతను కొంత తీర్చినవి.

జపాను దేశపు నింటెండో కంపెనీ 2007లో ఒక పలకను విడుదల చేసినది. ఆటగాడు దానిపై నిలిచి ఒరిగినపుడు, ఏ మూలపై ఎంత భారము పడినదో నాలుగు మూలలనున్న సాధనములు తెలుపును. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో దీనిని ప్రయోగశాల యంత్రముతో పోల్చి, నిలుకడను కొలుచుటకు ఇదియు నమ్మదగినదేయని ప్రకటించిరి.

అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయమువారు మరియొక మార్గమును అనుసరించిరి. మైక్రోసాఫ్ట్ కంపెనీ 2010లో ఆటలకై వెలువరించిన కినెక్ట్ అను కెమెరాను వృద్ధుల నివాసములలో అమర్చి, వారి నడకను దినదినము కొలిచిరి. నడక వేగము సెకనుకు 5 సెంటీమీటర్లు తగ్గినచో, తరువాతి మూడు వారములలో పడిపోవు అవకాశము నూటికి 86 పాళ్లు కలదని 2016లో వెల్లడించిరి. ఈ లెక్క 23 మంది పరిశీలనపై ఆధారపడినదే అయినను, నడకలోని మార్పు ముందస్తు హెచ్చరిక అను సత్యమును తెలుపుచున్నది.

ఆ పరికరముల తయారీ నేడు నిలిచిపోయినది. అయినను ఈ సత్యమును గ్రామమున వినియోగించుటకు ఒక కుర్చీ, ఒక గడియారము చాలును. వృద్ధుని కుర్చీ నుండి లేచి, మూడు మీటర్లు సహజముగా నడచి, తిరిగివచ్చి కూర్చుండుమని చెప్పవలెను. ప్రక్కన ఒకరు తోడుండవలెను. ఇందుకు 12 సెకనులు లేక అంతకు మించి పట్టినచో, పడు ప్రమాదము గలదని గ్రహించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. కంటిచూపును, వాడుచున్న మందులను అచట పరీక్ష చేయించవలెను.

పంచాయతీ సభ్యులు ఆశా కార్యకర్తల సహకారముతో ఈ పరీక్షను ఏటా జరిపింపవచ్చును. వీధి దీపములు వెలిగించుట, మురుగు కాలువలపై మూతలు వేయించుట, కార్యాలయపు మెట్లకు పట్టుకమ్మీలు అమర్చుట పంచాయతీ చేతిలోని పనులే. విరిగిన ఎముకను అతికించుటకంటె, అది విరుగకుండ కాపాడుట సులభము.