చుక్కాని కుళ్లేది బోల్టు దగ్గరే!

సూళ్లూరుపేట నుంచి మాట్లాడుతున్నా. మా పక్కనే పులికాట్, చిలికా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు. లోతు తక్కువ. అందుకే మా మావయ్య తెరచాప పడవ చుక్కాని అడుగున తగిలి విరిగిపోయింది.

"నేను చేస్తా మావా" అని బీటెక్ ధీమాతో దిగా. మామూలు ప్లైవుడ్ కోసి, ఫైబర్‌గ్లాస్ వేసి, చివర్లో డ్రిల్లు పెట్టి బోల్టులు బిగించా. చూడ్డానికి సూపర్! ఒక్క వానాకాలం గడిచింది. సరస్సు మధ్యలో గాలి మారింది. పిడి నా చేతిలో తిరుగుతోంది, పడవ మాత్రం తిరగట్లేదు. మావయ్య గడకర్ర వేసి ఒడ్డుకి తెచ్చాడు. "ఏంది అబ్బయా, పైన నిగనిగ, లోన కుళ్లా?" అన్నాడు.

విప్పి చూస్తే ఫైబర్ బాగానే ఉంది. బోల్టు రంధ్రాల చుట్టూ చెక్క తడిసిన అట్టలా పొరలు విడిపోయింది. ఫైబర్‌గ్లాస్ అంటే చెక్కకి రెయిన్‌కోట్. దానికి చిల్లు పెట్టింది నేనే.

ఈసారి ఇలా చేశా.

ఒకటి, చెక్క. ఐఎస్ 710 మార్కున్న మెరైన్ ప్లైవుడ్, 12 ఎంఎంవి రెండు ముక్కలు ఎపాక్సీతో అతికించా.

రెండు, ఆకారం. ముందంచు గుండ్రం, వెనకంచు సన్నం. అన్నిటికంటే లావు ముందు నుంచి మూడో వంతు దగ్గర. సాండింగ్ చేస్తుంటే ప్లై పొరలు గీతల్లా బయటపడతాయి. రెండు వైపులా గీతలు ఒకేలా ఉంటే ఆకారం కరెక్టే.

మూడు, అసలు పాయింట్. 10 ఎంఎం బోల్టుకి 16 ఎంఎం రంధ్రం పెట్టా. సిలికా పొడి కలిపి చిక్కగా చేసిన ఎపాక్సీతో నింపేశా. గట్టిపడ్డాక మధ్యలో 10 ఎంఎం డ్రిల్లు. ఇప్పుడు బోల్టు చుట్టూ ఉన్నది ఎపాక్సీ, చెక్క కాదు. నీళ్లు దిగినా చెక్క దాకా పోవు.

నాలుగు, గ్లాస్. నేసిన క్లాత్ రెండు పొరలు, అంచుల్ని కూడా కప్పేలా. హార్డెనర్ డబ్బా మీద రాసిన కొలతే వేయాలి. ఎక్కువేస్తే తొందరగా గట్టిపడదు, జిగటగా ఉండిపోతుంది. గ్లౌజులు, మాస్కు మర్చిపోవద్దు, గ్లాస్ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. చివర్లో పెయింట్ తప్పనిసరి, ఎండకి ఎపాక్సీ పాడవుతుంది.

మొన్న వానాకాలం అయ్యాక బోల్టు విప్పి చూశా. చెక్క పొడిగా, గట్టిగా ఉంది. మావయ్యకి చూపిస్తే, "ఇంకో వానాకాలం పోనీ, అప్పుడు చెప్తా" అన్నాడు.

అప్పుడు మళ్లీ వీడియో చేస్తా. ఉంటాను, బై!