వెతికితే నిన్నటి రైలే దొరుకుతోంది

సికింద్రాబాద్ స్టేషన్‌కు ఒకటో నంబరు ప్లాట్‌ఫాం వైపు రెజిమెంటల్ బజార్. రాత్రి ఇక్కడి లాడ్జీలో పడుకుంటే తెల్లారి నడిచెళ్ళి రైలెక్కొచ్చన్నది పాత లెక్క. ఈమధ్య ఆ లెక్క అప్పుడప్పుడూ తప్పుతోంది. సుమారు 700 కోట్ల రూపాయల స్టేషన్ పునర్నిర్మాణానికి 2023 ఏప్రిల్ 8న శంకుస్థాపన జరిగింది. నగర శివారులోని చర్లపల్లి రైల్వే టెర్మినల్ 2025 జనవరి 6న ప్రారంభమైంది. ఆ తర్వాత గోరఖ్‌పూర్ ఎక్స్‌ప్రెస్ వంటి కొన్ని రైళ్ళు అక్కడికి మారిపోయాయి. ఫోన్లో వెతికినవాళ్ళకు మాత్రం ‘సికింద్రాబాద్ నుంచి’ అనే పాత పేజీ ఇంకా ఎదురుపడుతూనే ఉంటుంది.

ఎందుకిలా? మనం అడిగిన క్షణాన సెర్చ్ ఇంజిన్ ఇంటర్నెట్టంతా తిరిగి రాదు. ముందే తిరిగి రాసిపెట్టుకున్న పట్టికలో చూసి చెబుతుంది. పెద్ద వార్తాసైట్లకు దాని ప్రోగ్రాం నిమిషాల్లోనే మళ్ళీ వస్తుంది. ఎవరూ పెద్దగా చూడని సైటుకు వారాలు పట్టొచ్చు. అది చిన్న చిక్కే. పెద్ద చిక్కు ఏది పైన, ఏది కింద అనే దగ్గర వస్తుంది. ఒక పేజీకి ఎన్ని పేజీలు, ఎంత పేరున్న పేజీలు లింకు ఇచ్చాయి? 1998లో గూగుల్ పుట్టింది ఈ సూత్రం మీదే. పదేళ్ళుగా ఉన్న టైంటేబుల్ పేజీకి లింకులు బోలెడు. నిన్న రైల్వే ఇచ్చిన ప్రకటనకు ఒక్కటీ ఉండకపోవచ్చు. ఈ లోపం గూగుల్‌కూ తెలుసు. తాజా సమాచారం కావాల్సిన ప్రశ్నలకు కొత్త పేజీలను పైకి తెచ్చేలా 2011లో పెద్ద మార్పే చేసింది. ఎన్నికలకూ క్రికెట్ స్కోరుకూ అది బాగానే పనిచేస్తుంది. కానీ ఒక రైలు ఎక్కడ బయల్దేరుతుందన్నది ఏళ్ళ తరబడి మారని సంగతి. అది ఈ నెలలో మారిందని యంత్రానికి అంత తేలిగ్గా తట్టదు.

పోనీ పేజీ మీది తేదీని నమ్ముదామా? లోపల ఒక్క అక్షరం ముట్టకుండా ‘అప్‌డేటెడ్’ తేదీ మార్చేసే సైట్లున్నాయి. కొత్తగా కనబడితే జనం వస్తారు, జనం వస్తే యాడ్ల డబ్బులొస్తాయి. పాత పేజీ తీసేస్తే ఎవరికీ పైసా రాదు, అందుకే అవి పోవు. తెలుగులో వెతికేవాళ్ళకు ఇంకో ఇబ్బంది: అసలు కబురు ఏ వాట్సాప్ గ్రూపులోనో ఫొటోగా తిరుగుతుంటుంది, సెర్చ్ ఇంజిన్‌కు అందులోకి ప్రవేశం లేదు. ఇప్పుడు అన్నిటికన్నా పైన వస్తున్న ఏఐ జవాబు కూడా ఇలా దొరికిన పేజీల నుంచి అల్లినదే కనుక, పాత సంగతినే మరింత ధీమాగా చెప్పగలదు.

గూగుల్‌లో ‘టూల్స్’ నొక్కి ఫలితాలను గడచిన వారానికో నెలకో పరిమితం చేయొచ్చు. ‘చర్లపల్లి’ అని కలిపి కొడితే మార్పు కబుర్లు పైకొస్తాయి, కానీ మార్పు జరిగిందని తెలిసినవాళ్ళకే కదా ఆ మాట కొట్టాలని తోచేది! రైలు విషయానికైతే సెర్చ్‌తో పనే లేదు. రైల్వే వాళ్ళ ఎన్‌టీఈఎస్ యాప్‌లో రైలు నంబరు కొట్టి చూసుకోవచ్చు, లేదంటే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయొచ్చు. నెలల ముందు తీసుకున్న టికెట్టయితే ప్రయాణానికి ముందురోజు ఆ పని మళ్ళీ చేయాలి, లాడ్జీ గది తీసుకోకముందే.