ముఖంలోని నరాలకు రక్తం ఎందుకు?

చెంపపై చీమ పాకితే ఆ సంగతి మెదడుకు ఎలా తెలుస్తుంది? నుదురు, చెంప, కింది దవడల వైపు మూడు కొమ్మలుగా చీలే త్రిధార నాడి అనే నరం ఆ కబురును చేరవేస్తుంది. ఇంట్లోని కరెంటు తీగకు ఆహారం అక్కరలేదు గాని, నరం సజీవమైనది కనుక, సంకేతాలు పంపే శక్తి కోసం దానికి ప్రాణవాయువు, చక్కెర నిరంతరం అందాలి.

అందుకే దాని కొమ్మల వెంట ధమనులు, అనగా గుండె నుండి రక్తం తెచ్చే నాళాలు, తోడుగా సాగుతూ సన్నని పాయలను నరంలోకి పంపుతాయి. ఆ రక్తం తగ్గితే నరం సరిగా పనిచేయక చర్మం మొద్దుబారుతుంది.

కింది దవడ ఎముకలోకి నరమూ ధమనీ పక్కపక్కనే ప్రవేశిస్తాయి కాబట్టి, దంతవైద్యులు అక్కడ మత్తుమందు ఇచ్చే ముందు సిరంజి పిడిని కాస్త వెనక్కి లాగి, రక్తం రాకపోతే సూది రక్తనాళంలోకి దిగలేదని నిర్ధారించుకుంటారు.