గండి పూడ్చవలసిన దినము



బాలానగర్ నుండి నర్సాపూర్ దారిలో వెళ్లువారికి గండిమైసమ్మ చౌరస్తా తెలియనిది కాదు. ఆ పేరులోని మొదటి మాటను గూర్చి ఎప్పుడైనా ఆలోచించితిరా?

చెరువు కట్ట తెగి నీళ్లు పోవు చోటును మనవారు గండి అందురు. కొండలను నది కోసుకొనిపోయిన ఇరుకు చోటు కూడ గండియే. కడప జిల్లాలో పెన్నా నది లోతైన లోయ అంచున కట్టిన కోటకు గండికోట అను పేరు అందుచేతనే వచ్చినది. కట్టకు పడిన గండి మొదట ఎలుక బొక్కంతయే. అప్పుడు రెండు తట్టల మట్టి చాలును. తెల్లవారువరకు ఊరకుంటే ఊరంతా కదలినను ఆగదు.

మన బైబిలులో ఇంతకంటె భయంకరమైన మాట ఒకటున్నది. అది అగాధము. సంస్కృతములో గాధమనగా కాలికి నేల అందు లోతు, నడిచి దాటగల చోటు. దానికి ముందు ‘అ’ చేరినప్పుడు కాలికి నేల అందనిదని అర్థము. లూకా 16:26లో ధనవంతునికిని లాజరునకును మధ్య ఉన్నది ఇదియే. గ్రీకు మూలములో అక్కడ ‘ఖాస్మా’ అను మాట ఉన్నది. నోరు తెరచిన చీలిక అని దాని భావము.

అయితే గమనించుడి. వారు బ్రదికియున్న దినములలో వారి మధ్యనున్నది ఒక్క వాకిలి మాత్రమే! ధనవంతుడు నాలుగడుగులు వేసినయెడల దాటియుండును. దాటని ఆ నాలుగడుగులే మరణము తరువాత అగాధమాయెను.

ఒక సమాధి కార్యక్రమమునకు మేము వెళ్లితిమి. గెట్టు తగాదా వలన ఏండ్ల తరబడి మాటలాడని తమ్ముని పెట్టె మీద పడి అన్న క్షమాపణ అడుగుచుండెను. వినవలసినవాడు వినలేదు. ఆ దినమున ఆదరణ చెప్పుటకు మాకు మాట రాలేదు.

నెహెమ్యా కాలమున యెరూషలేము గోడకు గండ్లు పడియుండెను. పని 52 దినములలో ముగిసెను. ఎట్లనగా, పలువురు ఎవరి ఇంటికి ఎదురుగా ఉన్న గోడను వారే బాగుచేసికొనిరి. మనమును అక్కడనే మొదలుపెట్టవలెను. ఎదుటివాడు ముందుగా రావలెనని కూర్చున్నవాని గండి ఎన్నడును పూడదు. మనము శత్రువులమై యుండగానే ప్రభువు మనయొద్దకు వచ్చెను గదా!

మీ ఇంట ఎవరితో మాటలు నిలిచిపోయినవి? ఈ పత్రిక ముడిచి, నేడే వారి గడప తొక్కుడి. ఇంకను అది గండియే, అగాధము కాలేదు.