అద్దె ఇంటి జాతకం

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు మన పెద్దలు. మహానగరంలో అద్దె ఇల్లు వెదకవలసివచ్చి ఉంటే దానినీ ఈ సామెతలో చేర్చేవారేమో! కొత్తగా వేసిన సున్నం గోడలోని చెమ్మను కప్పివేస్తుంది. అద్దెకు దిగేవానికి యజమాని మాట తప్ప వేరే ఆధారం ఉండదు. ఈ లోటును ప్రభుత్వ సమాచారంతో కొంతవరకు పూడ్చిన నగరం అమెరికాలోని న్యూయార్క్.

అక్కడ గదులు వెచ్చబడకున్నా, ఎలుకలు తిరుగుతున్నా అద్దెదారులు 311 సంఖ్యకు ఫోనుచేసి ఫిర్యాదు చేయవచ్చు. నగర గృహశాఖ తనిఖీ అధికారి వచ్చి పరిశీలించి, లోపం నిజమైతే నియమోల్లంఘనగా నమోదు చేస్తాడు. వీటిలో ముఖ్యమైనవి మూడు తరగతులు. ప్రమాదం లేనిది ‘ఎ’. దానిని 90 రోజులలో సరిచేయాలి. ప్రమాదకరమైన ‘బి’కి గడువు 30 రోజులు. తక్షణ ప్రమాదం కలిగించేది ‘సి’. వేడిమి లేకపోవడం ఈ చివరి తరగతికే చెందుతుంది. మంచు కురిసే ఆ సీమలో వెచ్చదనం విలాసం కాదు, ప్రాణావసరం. అందుకే అక్టోబరు 1 నుండి మే 31 వరకు రాత్రివేళ ఇంటిలోపల కనీసం 62 డిగ్రీల ఫారన్‌హీటు, అనగా సుమారు 17 డిగ్రీల సెల్సియస్ ఉండితీరాలి. నగరశాఖలు తమ సమాచారాన్ని ఒకే అంతర్జాల వేదికపై ప్రజలకు అందించాలని 2012లో ఒక శాసనం నిర్దేశించింది. చిరునామా తెలిస్తే చాలు, భవనం జాతకం బయటపడుతుంది.

అయితే జాతకాన్ని చదవడం తెలియాలి. 200 ఇళ్ళున్న భవనంలో 40 ఉల్లంఘనలు, 6 ఇళ్ళున్న భవనంలో 12 ఉల్లంఘనలు ఉన్నాయనుకుందాం. మొదటిదే చెడ్డదని తోస్తుంది. కాని అందులో ఐదిళ్ళకు ఒకటి, రెండవదానిలో ఇంటికి రెండు! తలుపు రంగు వెలిసిపోవడాన్నీ, చలికాలంలో వేడిమి లేకపోవడాన్నీ ఒకే తూకంలో తూచరాదు. మరమ్మతు జరిగినా యజమాని ధ్రువీకరించకపోతే ఉల్లంఘన దస్త్రంలో అలాగే నిలిచిపోవచ్చు. కనుక తేదీలూ గమనించాలి.

అన్నిటికంటె చిక్కైనది మౌనం. యజమాని ఖాళీ చేయిస్తాడని భయపడేవారూ, ఎవరికి చెప్పుకోవాలో తెలియని వలసజీవులూ ఫిర్యాదుకు వెనుకాడతారు. వారి భవనం దస్త్రంలో మచ్చలేనిదిగా కనిపిస్తుంది. నిజంగా బాగున్న ఇంటికీ, నోరు మెదపని ఇంటికీ అంకెలలో భేదం లేదు. ఈ కారణం చేతనే కేవలం ఫిర్యాదుల లెక్కతో ఇళ్ళకు మార్కులు వేయడం న్యాయం కాదు. భవనం వయస్సు, కోర్టు వ్యాజ్యాలు, ఇరుగుపొరుగు భవనాల స్థితి వంటి వివరాలనూ జోడించాలి. ఆపైన, మెట్లమీద ఎదురైన పాత కాపురస్థుని “జనవరిలో గది వెచ్చగా ఉంటుందా?” అని అడిగితే, దస్త్రంలో లేని జవాబు దొరకవచ్చు.