లినక్స్ నెట్‌వర్క్ స్క్రిప్టులు – వర్చువల్ మెషీన్ గుర్తింపు: ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

ఒక భౌతిక కంప్యూటర్‌లో హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ సృష్టించే మరొక కంప్యూటరే వర్చువల్ మెషీన్. నెట్‌వర్క్ అమరికల స్క్రిప్టును మొదట వర్చువల్ మెషీన్‌లో పరీక్షించి, తరువాత అసలు సర్వరులో నడపడం పరిపాటి. అయితే రెండుచోట్లా నెట్‌వర్క్ కార్డు పేరు ఒకటే కానవసరం లేదు. వర్చువల్‌బాక్స్‌లో తరచుగా ‘ఈఎన్‌పీ0ఎస్3’గా, వీఎంవేర్‌లో ‘ఈఎన్ఎస్33’గా కనిపించే కార్డు, సర్వరులో వేరొక పేరుతో ఉండవచ్చు. దూరం నుంచి నిర్వహించే సర్వరులో తప్పుడు అమరిక పడితే సంబంధం తెగిపోతుంది. దానిని సరిదిద్దే దారి కూడా మూసుకుపోతుంది. కాబట్టి తాను ఎక్కడ నడుస్తున్నదో స్క్రిప్టు ముందుగా తెలుసుకోవాలి.

2. గుర్తింపు ఆధారాలు:

ఇవి ప్రధానంగా మూడు.

2.1 ప్రాసెసర్: ఎక్స్86 ప్రాసెసర్లలో హైపర్‌వైజర్ ఉనికిని తెలిపే బిట్ ఒకటి ఉంది. లినక్స్‌లో అది ‘ప్రాక్’ డైరెక్టరీలోని ‘సీపీయూఇన్ఫో’ ఫైలులో ‘హైపర్‌వైజర్’ అన్న పదంగా కనిపిస్తుంది.

2.2 డీఎంఐ సమాచారం: యంత్రం తయారీదారు పేరు ఉండవలసిన చోట ‘క్యూఈఎంయూ’, ‘వీఎంవేర్’ వంటి పేర్లు ఉంటాయి.

2.3 మ్యాక్ చిరునామా: 08:00:27తో మొదలైతే వర్చువల్‌బాక్స్, 00:0సీ:29 అయితే వీఎంవేర్, 52:54:00 అయితే క్యూఈఎంయూ అని ఊహించవచ్చు. ఈ చిరునామాను ఎవరైనా మార్చుకోగలరు కనుక ఇది బలహీనమైన సాక్ష్యం.

3. సిస్టమ్‌డీ-డిటెక్ట్-వర్ట్:

పై ఆధారాలలో మొదటి రెండింటినీ పరిశీలించి ఫలితాన్ని ఒక్క మాటలో చెప్పే ఆదేశమిది. ‘కేవీఎం’, ‘వీఎంవేర్’, ‘మైక్రోసాఫ్ట్’ వంటి సమాధానాలు వస్తాయి. వర్చువల్‌బాక్స్‌కు వచ్చే సమాధానం ‘ఒరాకిల్’. భౌతిక యంత్రమైతే ‘నన్’ అని వస్తుంది.

ఇక్కడ రెండు అంశాలు గమనించదగినవి. మొదటిది, భౌతిక యంత్రంలో ఈ ఆదేశం సున్నా కాని నిష్క్రమణ సంకేతాన్ని ఇస్తుంది. స్క్రిప్టు ఆరంభంలో ‘సెట్ -ఈ’ ఉండి, ఈ ఆదేశాన్ని ‘ఇఫ్’ షరతులో ఉంచకపోతే, స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది. వర్చువల్ మెషీన్‌లో చేసిన పరీక్షలో ఈ లోపం బయటపడదు. అసలు సర్వరులోనే బయటపడుతుంది. రెండవది, వర్చువల్ మెషీన్‌లో కంటైనర్ నడుస్తున్నప్పుడు ఈ ఆదేశం లోపలి పొరనే, అంటే కంటైనర్‌నే పేర్కొంటుంది. మెషీన్ సంగతి మాత్రమే కావాలంటే ‘--వీఎం’ అనే ఐచ్ఛికాన్ని జోడించాలి.

4. ముగింపు:

పరిసరాన్ని గుర్తించడమంటే కార్డు పేరును గుర్తించడం కాదు. మొదటిది ఏ అమరిక వర్తిస్తుందో నిర్ణయిస్తుంది. రెండవదాన్ని మాత్రం ‘సిస్’ డైరెక్టరీలోని ‘క్లాస్’, ‘నెట్’ విభాగం నుంచి స్క్రిప్టు స్వయంగా చదువుకోవాలి. ఈ భేదాన్ని పాటించిన స్క్రిప్టును ఎక్కడికి తరలించినా సంబంధం తెగే ప్రమాదం తగ్గుతుంది.